తల్లి పోసిన పిల్ల

మొన్న మా కాలేజీలో టీకా ఫారాలు పంచుతుంటే డిగ్రీ మొదటి సంవత్సరం పిల్ల ఒకతి నా బల్ల దగ్గరికి వచ్చి, "మేడం, నాకు చిన్నప్పుడే తల్లి పోసింది. నాకు గీ సూది అవసరం లేదు గదా?" అని అడిగింది. అది గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్‌ను ఆపడానికి వేసే టీకా. చిన్నప్పుడు ఒంటిమీద లేచిన పొక్కులకూ దానికీ ఏ సంబంధమూ లేదు. ఇంకో రోజైతే నవ్వేసి రెండు ముక్కల్లో చెప్పి పంపేదాన్ని. ఆ రోజు నవ్వు రాలేదు. "నీకు పోసింది ఏ తల్లో నీకు తెలుసా? నీకు ఎవరు చెప్పిన్రు అవసరం లేదని?" అని హాలంతా వినపడేలా అరిచాను. పిల్ల బిత్తరపోయింది. జువాలజీ మేడంకు ముక్కు మీద కోపమని సిద్దిపేటలో మా పిల్లలందరికీ తెలుసు గానీ, ఇంత చిన్న మాటకు అంత కోపమెందుకో వాళ్లకు తెలియదు.

తర్వాత ఆ పిల్లను స్టాఫ్ రూముకు పిలిచి కూర్చోబెట్టాను. తప్పు నాదేనని చెప్పాను. టీకా గురించి మొదటి నుంచీ మళ్లీ చెప్పాను. ఇంట్లో అడిగి వస్తానంది. ఆమె వెళ్లిపోయాక చాలాసేపు ఫారాల కట్ట ముందు పెట్టుకుని ఊరికే కూర్చున్నాను. అరిచింది ఆ పిల్ల మీద కాదు. పన్నెండు పదమూడేళ్ల కిందట ఇలాంటి ఫారం ముందు పెన్ను పట్టుకుని కూర్చున్న ఇంకో పిల్ల మీద. ఆ పిల్ల నేనే.

మా వైపు ఒంటిమీద పొక్కు లేస్తే రోగం అనరు, తల్లి పోసింది అంటారు. నీటి పొక్కులైనా తల్లే, ఎర్రటి దద్దులైనా తల్లే. గుమ్మానికి వేపమండ కడతారు. ఇంట్లో పోపు పెట్టరు, మాంసం వండరు. దవాఖానకు పోతే తల్లికి కోపమొస్తుందని పోరు. పొక్కులు మాడిపోయాక వేపాకూ పసుపూ వేసిన నీళ్లు పోసి, పోచమ్మ గుడి ముందు సాక నీళ్లు ధారగా పోసి వస్తారు. డాక్టర్ల పుస్తకంలో ఇవన్నీ వేరువేరు జబ్బులు, ఒకటి వచ్చిపోయినంత మాత్రాన ఇంకోటి రాదనే పూచీ లేదు. మా అమ్మల లెక్కలో మాత్రం తల్లి ఒక్కతే, ఒక్కసారే వస్తుంది, వచ్చిపోతే ఇక జన్మలో రాదు. ఇప్పుడు ఇంత విడమరిచి చెబుతున్నాను గానీ, చెప్పాల్సిన రోజున నా నోరు లేవలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో నన్ను మించినవాళ్లు లేరు.

డిగ్రీ మూడేళ్లూ నేనూ నా దోస్తూ సిద్దిపేటలో ఆడపిల్లల హాస్టల్లో ఒకే గదిలో ఉన్నాం. మాది చింతమడక వైపు, వాళ్లది చంద్లాపూర్ దగ్గర పల్లె. వాళ్ల నాయిన భివండీలో మగ్గాల మీద పనిచేసేవాడు, అవ్వ ఇంటి దగ్గర బీడీలు చుట్టేది. నేను చదువులో ముందు, ఆమె మిగతా అన్నిట్లో ముందు. పాట, పోట్లాట, పక్కవాళ్ల డబ్బాలో పచ్చడి మాయం చేయడం అన్నీ ఆమెవే. నా మీద వాలిన ఈగను కూడా బతకనిచ్చేది కాదు. నాకు తోడబుట్టిన అక్కాచెల్లెళ్లు లేరు, ఆ మూడేళ్లలో ఆ లోటు ఎప్పుడూ గుర్తురాలేదు.

మా ఆరోగ్య సూత్రాలు ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు మండుతుంది. కాలేజీలో ఆడపిల్లల బాత్రూముకు గొళ్లెం ఉండేది కాదు. అందుకని పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా ఉండటం నేర్చుకున్నాం. ఒంటికి పోతే మంటగా ఉందని ఎవరైనా అంటే, వేడి చేసిందని సబ్జా నీళ్లు కలిపి ఇచ్చేవాళ్లం. రక్తం పట్టాలని సర్కారు దవాఖాన వాళ్లు ఇచ్చిన ఎర్ర గోళీలు కిటికీ అవతలికి పోయేవి. కొమురవెల్లి మల్లన్న జాతరకు పోవాలంటే నెలసరి అడ్డం రాకుండా మెడికల్ షాపులో చీటీ లేకుండానే గోళీలు తెచ్చుకుని మింగేవాళ్లం. ఒక ఏడు నా దోస్తు వాటిని రోజూ మింగడం మరిచిపోయి, బయల్దేరే రోజు పొద్దున మూడు కలిపి మింగింది. గుడి మెట్ల దగ్గర ఒకటే వాంతులు. మూతి కడుక్కుని, "మల్లన్న నన్ను కిందనే ఆపిండే, పైకొస్తే తన పసుపంత నేనే పూసుకుంటనని" అని నవ్వింది. అన్నిటికీ నవ్వే మనిషి. సూది అంటే మాత్రం ముఖం తెల్లబోయేది.

రెండో సంవత్సరంలో మా కాలేజీకి టీకా శిబిరం వచ్చింది. రూబెల్లా అనే జబ్బుకు ఆ సూది. ఒక డాక్టరమ్మ ఐదు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడింది. కడుపుతో ఉన్న ఆడవాళ్లకు ఆ జబ్బు సోకితే బిడ్డకు ప్రమాదమని ఆమె చెప్పింది. కడుపు మాట రాగానే మేమందరం తల దించుకుని ఒకరినొకరు గిల్లుకున్నాం. పెళ్లి కాని పిల్లల ముందు ఆ మాటలేంటని మా వార్డెనమ్మ పక్కనే గొణిగింది. ప్రశ్నలున్నాయా అని డాక్టరమ్మ అడిగితే ఒక్కరూ నోరు తెరవలేదు.

ఫారాలు ఇంగ్లీషులో ఉన్నాయి. మా హాస్టల్ పిల్లల ఫారాలన్నీ నేనే నింపాను. దస్తూరీ బాగుంటుంది, ఇంగ్లీషు వచ్చు, అన్నిటికీ మించి అందరికీ పెద్దమనిషిలా వ్యవహరించే జబ్బు నాకు పుట్టుకతోనే ఉంది. ఈ జబ్బు మీకు ఇంతకు ముందు వచ్చిందా అని ఒక ప్రశ్న, దాని పక్కన అవునుకొక గడి, కాదుకొక గడి. నా దోస్తు పక్కనే కూర్చుని జడ చివర కొరుకుతోంది.

"గీ రోగం నీకు ఇంతకు ముందు వచ్చిందానే?" అని అడిగాను.

"ఏ రోగం?"

"ఒంటి మీద ఎర్రగ లేస్తదట."

"తల్లేనా? నాకు రెండో తరగతిలనే పోసింది. నిలువెల్ల పోసింది. గిదో సూడు," అని ఎడమ కనుబొమ్మ పక్కన చిన్న గుంట చూపించింది.

అవును అనే గడిలో టిక్కు పెట్టాను. ఆ గుంట చికెన్‌పాక్స్ మచ్చ. రూబెల్లా వస్తే మచ్చలు పడవు, మూడు రోజుల్లో చడీచప్పుడు లేకుండా పోతుంది. ఇది నాకు తెలియదా అంటే తెలుసు. ఆ నెలలోనే వైరస్‌ల పాఠం మీద పరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. పుస్తకంలో చదివింది పరీక్ష కోసం, ఇంట్లో విన్నది బతుకు కోసం. ఆ రెండూ ఒకే సంగతని నా తలకు తట్టలేదు. ఇంతకీ అది ఒక్క క్షణం పని, ఇంకో పేరు మీదికి పోయాను.

సూదులేసే నర్సు దగ్గర సీసాలు తక్కువ పడ్డాయి. "వచ్చిపోయినోళ్లు పక్కకు జరగుండ్రి, మీకు అక్కర లేదు," అంది. నా దోస్తు గెంతుకుంటూ వరుసలోంచి బయటికి పోయింది. ఆ రాత్రి నా చెయ్యి వాచి పైకి లేవకపోతే నా బట్టలు ఆమే ఉతికింది, నా జడ ఆమే వేసింది. "తల్లి దయ ఉన్నోళ్లకు సూదులెందుకే? నీకే లేదు దయ," అని ఏడిపించింది. నేనూ నవ్వాను.

చదువు అయిపోయిన ఏడే ఆమె పెళ్లయింది. పక్క ఊరే. భర్త ట్రాలీ ఆటో నడుపుతాడు, నెమ్మదస్తుడు. నేను పీజీ చదవడానికి హైదరాబాద్ పోయాను. ఆమెకు మూడో నెల అని తెలిసిన వారానికే ఫోన్ చేసింది. రెండు రోజుల నుంచి కొంచెం జ్వరం, ముఖం మీద మొదలై ఒళ్లంతా సన్నగా దద్దు లేచిందని, చెవుల వెనక గడ్డల్లా తగులుతున్నాయని చెప్పింది.

"తల్లి అంటున్నదా మీ అత్త?" అని అడిగాను.

"నాకెప్పుడో పోసింది గదనే, మల్ల యాడ పోస్తది? ఉడుకు చేసిందంటున్నది."

"పల్లీలు బాగ తిన్నవేమో. వేపాకు నీళ్లు పోసుకో, తగ్గుతది," అన్నాను. జువాలజీలో పీజీ చదువుతున్న మనిషిని నేను. తగ్గింది కూడా. మూడో రోజుకు మచ్చ లేదు. ఫోన్ చేసి, "నువ్వు డాక్టర్‌వైతవే" అంది.

ఆ తర్వాత నెలలోనే చంద్రగ్రహణం వచ్చింది. మా దగ్గర కడుపుతో ఉన్నవాళ్లు గ్రహణం పూట గడప దాటకూడదు, కత్తి పట్టకూడదు, గోక్కోకూడదు, చాప మీద కదలకుండా పడుకోవాలి. ఆమె పడుకునే ఉంది. ఇంతలో మబ్బు పట్టి చినుకులు మొదలయ్యాయి. వాకిట్లో ఎండబోసిన మిరపకాయలు తడిసిపోతాయని లేచి, ఉరికి, రెండు చేటలు ఎత్తుకుని లోపలికి వచ్చింది. అంతే. అత్త చూసింది.

పుట్టింది ఆడపిల్ల. బరువు తక్కువ. నెల తిరక్కముందే రెండు కళ్లలోనూ నల్లగుడ్డు నడిమధ్యన తెల్లటి చుక్క కనపడింది. పిల్లను దీపం దగ్గర పెట్టి చూసి వాళ్ల అత్త నేల మీద కూలబడి, "గ్రహణం మింగిన చంద్రుడు పోయి నా బిడ్డ కండ్లల్ల పడ్డడు," అని గుండెలు బాదుకుందట. అన్నది ఒక్కతే గానీ ఊరంతా నమ్మింది. పెదవి దాటిన మాట పృథివి దాటుతుందంటారు, మరుసటి వారానికి ఆ మాట నా దోస్తు పుట్టింటికి కూడా చేరింది. మిరపకాయల కోసం బిడ్డ కళ్లు అమ్ముకుందని సొంత మేనత్తే అంది.

పిల్లను హైదరాబాద్ పెద్ద దవాఖానకు తెచ్చినప్పుడు నేను వాళ్లతోనే ఉన్నాను. ఆమె పిల్లను ఒళ్లో వేసుకుని కళ్లలో చుక్కలు వేయించుకుంటోంది. భర్త మందుల కోసం కిందికి పోయాడు. కాగితాల కోసం డాక్టర్ పిలిస్తే నేను లోపలికి వెళ్లాను. మీరెవరన్నాడు. చెల్లెలిని అన్నాను. ఇంగ్లీషు వచ్చని చూసి గబగబా చెప్పుకుపోయాడు. తల్లికి కడుపుతో ఉండగా రూబెల్లా సోకిందని, దానివల్లే ఈ శుక్లాలని, చెవులు కూడా దెబ్బతిని ఉండవచ్చని, గుండె కూడా చూపించాలని అన్నాడు. పెళ్లికి ముందు ఒక్క టీకా వేయించుకుని ఉంటే ఇది వచ్చేది కాదు, మీరంతా చదువుకున్న పిల్లలు కదా అన్నాడు. చివర్లో, ఈసారి సోకింది కాబట్టి ఇక మళ్లీ రాదు, తర్వాతి కాన్పుకు భయపడాల్సిన పని లేదని తల్లికి చెప్పండి అన్నాడు. ఆ మాట రెండుసార్లు చెప్పాడు.

నాకు ఆ గది గుర్తుంది, గోడకు ఆనుకున్న బరువు చూసే తక్కెడ గుర్తుంది. గడిలో పెట్టిన టిక్కు గుర్తొచ్చింది. పల్లీలు గుర్తొచ్చాయి. బయటికి వచ్చేసరికి ఆమె లేచి నిలబడి నా ముఖంలోకి చూస్తోంది.

"ఏమన్నడే?"

"పుట్టుకతోనే అట్ల వచ్చిందట. ఆపరేషన్ చేస్తే చూపొస్తదట," అన్నాను.

అబద్ధం కాదు. అబద్ధమైతే ఎప్పుడో ఒకనాడు దొరికిపోయేదాన్ని. "గ్రహణం సంగతేమన్న అన్నడా?" అని అడిగింది. డాక్టర్లు అలాంటివి చెప్పరన్నాను. ఆమె తల ఊపి, "వాళ్లకేమెరుక," అని పిల్ల ముఖం తుడిచింది. డాక్టర్ రెండుసార్లు చెప్పిన మాట కూడా నా దగ్గరే ఉండిపోయింది. అది చెప్పాలంటే ముందు ఏం సోకిందో చెప్పాలి, ఎందుకు సోకిందో చెప్పాలి, ఆ గడిలో టిక్కు ఎవరు పెట్టారో చెప్పాలి. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

ఆపరేషన్‌తో కొంత చూపు వచ్చింది. దళసరి కళ్లద్దాలు పెట్టారు. మూడేళ్లొచ్చినా మాటలు రాకపోతే అప్పుడు చెవుల సంగతి బయటపడింది. చెవికి మిషన్ ఇచ్చారు, అది గుయ్యిమంటుందని పిల్ల తీసి బియ్యం డబ్బాలో దాచిపెడుతుంది. బాగా గడుసు పిల్ల. ఎవరి చెప్పులు ఎవరివో గుర్తుపట్టి, వాళ్లు పోవడం ఇష్టం లేకపోతే చెప్పులు మాయం చేస్తుంది. బోరు మోటరు నడుస్తుంటే పైపు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుని నిలబడుతుంది, ఆపితే ఊరుకోదు. తల్లికీ పిల్లకూ చేతులతో ఒక భాష కుదిరింది. వాళ్లిద్దరికే తెలుసు. ఉప్పుకు ఒక సైగ, నానమ్మకు ఒక సైగ, నాకు ఒక సైగ. నా సైగ ముక్కు మీద వేలు పెట్టి కోపంగా చూడటం. వాళ్ల నాయినకు నాలుగైదు సైగలు వచ్చు, నానమ్మ నేర్చుకోలేదు.

నా దోస్తు మెల్లగా మారిపోయింది. వాళ్ల అవ్వలాగే ఇంట్లో బీడీలు చుడుతుంది. అత్త మాటలకు ఎదురు చెప్పదు. హాస్టల్లో వార్డెనమ్మను నిలదీసిన మనిషి, చేట ముందు తల వంచుకుని తునికాకు కత్తిరిస్తూ, "నాదే తప్పు గదనే. జెర సేపు మిరపకాయలు తడిస్తే ఏమైతుండె?" అంటుంది. ఆ వాడలో ఎవరు కడుపుతో ఉన్నా, గ్రహణం వస్తుందంటే వాళ్ల ఇంటికి పోయి తలుపులు ఆమే వేయిస్తుంది. నేను చూస్తూనే ఉన్నాను. మూడేళ్ల కిందట సిద్దిపేట కాలేజీకి మారాక నెలకోసారైనా వాళ్లింటికి పోయేదాన్ని. పిల్లకు గౌన్లు కొన్నాను, కంటి పరీక్షలకు తీసుకుపోయాను. ఊళ్లో వాళ్లు నన్ను చూసి, దోస్తంటే ఇట్ల ఉండాలె అనేవాళ్లు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉండేది నాకు.

ఎందుకు చెప్పలేదంటే, నాకు నేను చెప్పుకున్న కారణాలు చాలా ఉన్నాయి. చెప్పినంత మాత్రాన పిల్లకు చూపు రాదు. ఆమె ఎలాగో తట్టుకుంది, మళ్లీ కెలకడమెందుకు. అసలు కారణం ఇవేవీ కాదు. ఆమె నన్ను ఇంటి గడప తొక్కనివ్వదని భయం. నా సుఖం కోసం ఆమెను గ్రహణానికి వదిలేశాను, ఇంతకంటే మర్యాదగా చెప్పే మాట లేదు. ఇంకో బిడ్డ సంగతి ఎవరైనా ఎత్తితే ఆమె, "గీమె ఒక్కతే పది మంది పెట్టు," అని నవ్వి తప్పించుకునేది. కావాలనుకుంటే కంటారులే అనుకున్నాను. ఒక్కసారి మాత్రం, పిల్ల నిద్రపోతుంటే, "నేను సచ్చినంక దీనితోని ఎవ్వలు మాట్లాడుతరే?" అని నన్నే అడిగింది. నేను ఉంటానన్నాను. "నీకు ఉప్పు సైగనే రాదు," అంది.

కాలేజీలో ఆ పిల్ల మీద అరిచాక వచ్చిన ఆదివారం చంద్లాపూర్ బస్సెక్కాను. రిజర్వాయర్ చూడటానికి పోయేవాళ్లతో బస్సు నిండుగా ఉంది. నోట్లో మాటలు వరుసగా పేర్చుకుంటూ పోయాను. ఎలా మొదలుపెట్టాలో తెలుసు, ఎక్కడ క్షమించమనాలో తెలుసు. గ్రహణం నీ తప్పు కాదని తెలిస్తే ఆమె గుండె మీద బరువు దిగుతుంది, ఆ తర్వాత నన్ను తిట్టినా కొట్టినా సరే అనుకున్నాను. అంత దాకా వచ్చినా ఆమెకు మేలు చేయబోతున్నాననే అనుకున్నాను చూడండి.

అత్త పొలం పోయింది. ఆమె అరుగు మీద చేట ముందేసుకుని కూర్చుంది. పిల్ల బోరు దగ్గర ఉంది. నేను పేర్చుకున్న మాటలేవీ రాలేదు. ఫారం దగ్గర మొదలుపెట్టి, కనుబొమ్మ పక్కన గుంట, నర్సు పక్కకు జరగమనడం, ఫోన్లో నేను చెప్పిన వేపాకు నీళ్లు, డాక్టర్ గదిలో విన్నది, అన్నీ ఏ వరుసా లేకుండా చెప్పేశాను. చిన్నప్పుడు నీకు పోసిన తల్లి వేరు, ఇది వేరు అని చెప్పాను. గ్రహణానికీ దీనికీ ఏం సంబంధం లేదు, తప్పు నాది, నీది కాదు అన్నాను.

ఆమె చుట్టిన బీడీకి దారం కట్టి, ముడేసి, పక్కన పెట్టింది. ఇంకో ఆకు తీసుకుంది. చుట్టలేదు.

"ఒక్క సూదినా?" అంది.

"ఒక్కటే."

"గా దినం నేను వరుసల నిలబడితే అయిపోతుండె."

"నేనే కదనే తప్పు రాసింది..."

"నువ్వు రాసినవ్, నేను ఉరికిన. సూదంటే భయమయ్యి ఉరికిన." ఆకును మోకాలి మీద సాపు చేసింది. "గ్రహణమంటే ఎవ్వల చేతుల లేదు. దేవుని పని, నేను జెర తప్పు చేసిన, దేవుడు పెద్ద శిక్ష ఏసిండు అనుకున్న. గట్ల అనుకుంట బతికిన. ఇప్పుడొచ్చి సూది అంటున్నవ్. ఒక్క సూది. నేనెట్ల పండుకోవాలె గీ మాట విన్నంక?"

ఆమె కాళ్లు పట్టుకుందామని వంగితే కాళ్లు వెనక్కి తీసుకుంది.

"ఇంకోటి అడుగుత, నిజం చెప్పు," అంది. గొంతు మామూలుగానే ఉంది. "మల్ల కాన్పుకు గిట్లనే అయితదా అని డాక్టర్ ఏమన్న అన్నడా?"

"అన్నడు."

"ఏమన్నడు?"

"మల్ల రాదన్నడు. తర్వాత పుట్టేటోళ్లకు ఏం కాదు, భయం లేదని తల్లికి చెప్పమన్నడు."

"గా దినమే అన్నడా?"

"గా దినమే."

ఆమె చేతిలో ఆకు నలిగిపోయింది. దాన్ని చూసుకుని చేటలోంచి తీసి కింద పడేసింది. "నాకు రెండోసారి కడుపైంది," అంది. "నువ్వు గప్పుడు ఈడ లేవు, వేరే జిల్లల ఉన్నవు. నాకు, ఆయనకే ఎరుక. అత్తకు కూడ చెప్పలే. క్యాలెండర్ల చూస్తే ఐదో నెల్ల గ్రహణమున్నది. ఇంట్లనే తలుపేసుకుని ఉంట, ఏమైతది అనుకున్న. మల్ల గీమె కండ్లు యాదికొచ్చినయ్. ఇంకో బిడ్డను గట్ల జేస్తనా అనిపించింది. ఆయన వద్దన్నడు, నేనే ఇనలే. సిద్దిపేటకు పోయి కడుపు తీపిచ్చుకున్న. గా దవాఖాన్ల బల్ల మీద పండుకున్నప్పుడు నిన్నే యాది చేసుకున్ననే, నువ్వుంటే పక్కన నిలబడుతుండె అని."

మోటరు ఆగినట్టుంది, పిల్ల బోరు దగ్గరి నుంచి వచ్చింది. నన్ను చూసి ముక్కు మీద వేలు పెట్టింది, అది నా పేరు. తర్వాత నా ముఖం దగ్గరికి వచ్చి కళ్లద్దాలు సర్దుకుని చూసి, తల్లి వైపు తిరిగి చేతులతో ఏదో అడిగింది. నాకు తెలియలేదు.

"ఏమంటున్నదే?" అన్నాను.

ఇంకెప్పుడైనా అయితే నా దోస్తు వెంటనే చెప్పేది. ఈసారి పిల్ల చెయ్యి పట్టుకుని ఒళ్లోకి లాక్కుంది, తడిసిన గౌను చివరలు పిండింది, చెదిరిన జుట్టు చెవుల వెనక్కి దువ్వింది. పిల్ల గింజుకుంటూ నా వైపు వేలు చూపించి మళ్లీ అదే అడుగుతోంది.

"ఇప్పటికి ఐదేండ్లు నిండుతుండె గా రెండోదానికి," అంది నా దోస్తు, నా వైపు చూడకుండా. "అక్క ఏమంటున్నదో నీకు అదే చెప్తుండె. నేను పోయినంక గూడ చెప్తుండె."